చేవ

ములుగు రోడ్డు కోత మిషన్ల కాడ
పొద్దుగూకేసరికి మోకాలెత్తు పొట్టు.
ఒకప్పుడు సగం ఇటుక బట్టీలకు పోయేది,
సగం గాలికి, మిగిలింది నా మెడ వెనక చెమటకు.
ఇప్పుడు బస్తాకింత అని రేటు కట్టి
మడికొండ షెడ్డుకు ట్రాలీల తెస్తున్నం.

నేను వడ్లోన్ని. కట్కోజు సోమనాథం.
ముప్పై ఏండ్లు టేకు చేవతోని మాట్లాడిన.
ఇప్పుడు తొట్టి నింపుడు నా కొలువు.

తొట్టిల ఏం పడ్తదో చెప్త, నవ్వకుండ వినుండ్రి:
టేకు పొట్టు, తుమ్మ పొట్టు,
పరకాల చెలకల నుంచి పత్తికట్టె పిండి
(ఏరుడైనంక తగలబెట్టే కట్టె అది,
రైతుకు పొగ తప్ప ఏం మిగల్చనిది),
ఏనుమాముల మార్కెట్ల చినిగిన గోనెల నార.
ఇటు పక్క పగిలిన బిందెలు, ఎరువు సంచులు,
మిర్చి మడుల ఎండకు పెళుసైన షీటు,
ఎవరి పెండ్లి కోసమో కొన్న నీలం కుర్చీ, కాలిరిగింది.
మిల్లు దంతాలకు అన్నీ నమిలేటియే.

కట్టెకు నీళ్లంటే పానం.
ప్లాస్టిక్‌కు నీళ్లంటే పడదు.
ఒక్క మంచంల పండయి రెండూ.
అందుకే నడుమ ఒక తెల్ల గుండ కలుపుతరు.
ఇంజినీరు పిల్ల తబస్సుం దానికి పొడుగు పేరు చెప్పింది,
నేను పెండ్లిపెద్ద అన్న.
ఒక చేత్తో కట్టెను పట్టుకుంటదట,
ఇంకో చేత్తో ప్లాస్టిక్‌ను.
నూటికి మూడు పాళ్లు చాలట.
పెండ్లిపెద్దకు అంతకన్న పెడ్తే ఇల్లు గుల్ల గదా.

వేడి నూట ఎనభై. రెండొందలు దాటిందా,
షెడ్డంత బెల్లం మాడిన వాసన.

ఈ ఆషాఢం ముసురుల
ఐదు రోజులు పలక పలకకూ బొబ్బలు.
పైన నునుపు, కోసి చూస్తే లోపల తేనెతుట్టె.
తబస్సుం మీటరు గుచ్చింది.
ఎండిందే అన్నది మీటరు.
ఊడ్వ వచ్చిన ఓదెమ్మ నిలవడ్డది.
చీపురు చంకల పెట్టి
పిడికెడు పొట్టు పిసికి చెవి కాడ పెట్టుకున్నది.
"సప్పుడు లేదు. తడున్నది."

చిన్నప్పుడు గోగు కట్టలు కుంటల నానేసి
నార వలిచి, ఉతికి, దండేనికేసిన చేతులవి.
ఆరిన నార గలగలమంటదట,
ఆరనిది గొంతు పట్టినట్టు మూగగ ఉంటదట.
మీటరు పై బస్తాను అడిగింది,
తడి అడుగు బస్తాల కూసున్నది.
రాత్రంత విప్పి డ్రయ్యర్ల తిప్పితే
తెల్లారి పలక సాఫుగ వచ్చింది.
ఓదెమ్మకు మాత్రం చీపురు జీతమే.
మేనేజర్‌తోని అన్న. చూద్దామన్నడు.
చూస్తున్నం.

పలక వస్తుంటే చూడాలె,
వేడివేడిగ, నాలుక చాపినట్టు, ఆగకుండ.
గంటు లేదు, తొర్ర లేదు,
వయసు లెక్కపెట్ట సుట్లు లేవు.
చిత్రిక పడ్తే చుట్టలు రావు, గుండ రాలుతది.
వాలు ఈనె ఏదో, ఎదురు ఈనె ఏదో
ఉలికి సమజ్ కాదు, ఎటు కొట్టినా ఒకటే.
చెద ముట్టదు. నీళ్లకు ఉబ్బదు.
మంచిదే.
మరి చేవ ఏడున్నది దీంట్ల?
అంతటా ఉన్నదా, ఏడా లేదా?

కార్తీకంల హన్మకొండ ఆడపిల్లల హాస్టల్‌కు
పన్నెండు బాత్రూం తలుపులు బిగియ్య పోయిన.
పాతయి కింద జానెడు కుళ్లినయి,
పిల్లలు సందుకు సంచి గుడ్డ కట్టుకున్నరు.
ఏడో తలుపుకు గడియ బిగించిన్నో లేదో
ఒక సన్నపిల్ల లోపలికి పోయి పెట్టుకున్నది.
"తోయి తాతా."
తోసిన.
"గట్టిగ తోయి."
భుజం పెట్టి తోసిన.
తలుపు కదలలే.
లోపల నవ్వు, నల్ల నీళ్ల సప్పుడు.
స్క్రూలు జేబుల పోసుకొని మెట్లెక్కిన.
ఇంక ఐదున్నయి.